కోసినవాళ్ళ వంతు

మా ఊళ్ళో మేకపోతుని కోస్తే గంట తిరక్కుండా దాని ఆనవాళ్ళు ఉండవు. తల పూజారి ఇంటికి వెళ్తుంది, తోలు డప్పులు కట్టేవాళ్ళ ఇంటికి. ముందుకాళ్ళు మేనమామల ఊరికి, మెడ వియ్యాలవారి ఊరికి. పేగులు కడిగినవాళ్ళకి పేగుల్లోనే వంతు. డెక్కలకి కూడా హక్కుదారులున్నారు. మైదానం నుంచి వచ్చిన నా క్లాస్‌మేట్ ఒకామె ఇదంతా విని, "మరి మీకేం మిగుల్తుంది?" అని జాలిపడింది. ఇంకో ఇంట్లో కోసినప్పుడు మా వంతు మాకు నడిచొస్తుందని చెప్పినా ఆమెకి నమ్మకం కుదరలేదు.

తాతల కాలంలో, ఎండాకాలం మొదట్లో వచ్చే ఇటుకల పండగకి మగవాళ్ళంతా అడవిలోకి వేటకి వెళ్ళేవారు. ఇప్పుడది మానేశాం. చట్టం ఒప్పుకోదు, ఒప్పుకున్నా మా కొండల్లో జంతువులు పెద్దగా మిగల్లేదు. వేట జంతువుకి బదులు మందలోంచి ఒక మేకపోతు వస్తుంది. పంపకం మాత్రం పాత వేట పంపకమే, అందులో ఒక్క వంతు కూడా మారలేదు.

మా ఊళ్ళో కోసేది మా నాన్న. ఆయనకి ముందు మా తాత. కోసినవాళ్ళకి ఒక ప్రత్యేకమైన వంతు ఉంది. కుడివైపు ఆఖరి రెండు పక్కటెముకలు, వాటి లోపలివైపు అంటుకున్న పల్చటి పొర, ఆ పొరని పట్టుకుని ఉన్న కార్జం కొస, ఆ కార్జం కింద వేలాడే చేదు తిత్తి. ఈ నాలుగూ విడిపోకుండా ఒకే ముక్కగా బయటికి రావాలి. తిత్తి చిట్లితే మాంసమంతా చేదెక్కుతుంది, పొర తెగితే కోసినవాడికి కోయడం రాదని ఊరంతా నవ్వుతుంది. మా నాన్న చేతిలో అది ఏనాడూ తెగలేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నా మెడ కొంచెం నిటారుగా నిలబడుతుంది.

ఆ ముక్కని అడ్డాకులో చుట్టి, నారతో కట్టి, పొయ్యి మీదున్న అటకలో పొగకి పెడతారు. తొలకరి వాన పడేదాకా పరాయివాళ్ళ కళ్ళు దానిమీద పడకూడదు. ఆ తర్వాత ఎముకల మాంసం వండుకుంటారు, ఎండిన తిత్తిని దాచి ఏడాది పొడవునా కడుపునొప్పికి గీరి వేడినీళ్ళలో తాగిస్తారు. నేనూ తాగాను. ఒకసారి తాగాక కడుపునొప్పి వచ్చినా పైకి చెప్పడం మానేశాను, కాబట్టి మందు పనిచేసిందనే అనుకోవాలి.

చిన్నప్పుడు నాన్న కోస్తుంటే నేను పక్కనే గొంతుక్కూర్చునేదాన్ని. ఆయన కత్తి కొసతో చూపిస్తూ చెప్పేవాడు. ఇది పెద్ద సంచి, ఇది తేనెపట్టు సంచి, ఇదిగో పుస్తకం పేజీల్లా మడతలున్న సంచి. ఆయన బడికి వెళ్ళలేదు గానీ ఆయన లోకంలో జంతువులకి ఒక పద్ధతి ఉంది. చేదు ఉన్నవి, చేదు లేనివి.

"మేకకుంటాది, గొర్రెకుంటాది, పందికుంటాది, కోడికుంటాది," అనేవాడు. "పావురానికి ఉండదు. పొలం ఎలక్కి ఉండదు. జింకకి ఉండదు. అందుకే పాతకాలంలో జింక దొరికితే ఊరంతా గెంతులేసీవోరంట, కోసినోడు మాత్రం మొకం మాడ్సుకునీవోడు. ఆ ఏడు మందు లేనట్టేగదా."

అప్పుడే ఒకసారి అడిగాను, నువ్వు ముసలోడివైపోతే ఈ వంతు ఎవరికని. నాన్నకి నేనొక్కదాన్నే. ఆయన కత్తి తుడుచుకుంటూ, "ఆడగుంటలికి ఇవ్వరే. ఊరు ఎవులి పేరు సెప్తే ఆలికి ఎల్తాది," అన్నాడు. నేను రెండురోజులు చోడి అంబలి ముట్టలేదు. మూడోరోజు ఆకలేసి తాగాను గానీ కోపం మాత్రం దిగలేదు. ఇప్పటికీ నా కోపాలు అంతే, తిండి దగ్గర ఓడిపోయి మిగతా చోట్ల నిలబడతాయి.

చదువుకోసం మైదానానికి వెళ్ళాను. ఎమ్మెస్సీ మొదటి ఏడాది ల్యాబులో ఎలుకని కోసి పెట్టి, మా మేడమ్ దాని పిత్తాశయం, అంటే మా చేదు తిత్తి, ఎక్కడుందో చూపించమన్నారు. అందరూ ఫోర్సెప్స్‌తో కార్జం కింద తెగ వెతుకుతున్నారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. "ఏం, నువ్వు వెతకవా?" అన్నారావిడ. "లేనిదాన్ని ఎందుకు వెతకడం మేడమ్?" అన్నాను. క్లాసంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు. ఎలుకకి పిత్తాశయం ఉండదని ఏ పుస్తకంలో చదివావని అడిగారు. పొలం ఎలుకల్ని కాల్చుకు తిన్నానని చెప్పాను. ఆ సాయంత్రమే నన్ను పిలిచి పీహెచ్‌డీ చేస్తావా అని అడిగారు.

అలా నాన్న చెప్పిన చేదు తిత్తే నా పరిశోధన అయ్యింది. పిండం ఎదిగేటప్పుడు పేగుగొట్టం మీద ఒక చిన్న మొగ్గ పుడుతుంది. అందులో ఒక భాగం కార్జం అవుతుంది, ఇంకో భాగం తిత్తి అవుతుంది. చిట్టెలుకకి తిత్తి వస్తుంది, దాని దగ్గరి చుట్టమైన ఎలుకకి రాదు. ఎందుకు రాదో చూడ్డానికి నేను నాలుగేళ్ళు పిండాల్ని మైనంలో పెట్టి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద చూస్తూ కూర్చున్నాను. కోసేవాళ్ళ ఇంట్లో పుట్టాను కాబట్టి నా చెయ్యి వణికేది కాదు. మిగతా స్కాలర్లు వాళ్ళ సెక్షన్లు చిరిగితే నా దగ్గరికే వచ్చేవాళ్ళు.

అప్పుడే ఇంకో సంగతి తెలిసింది. ఈమధ్య జంతువుల డీఎన్‌ఏ చదవడం మొదలయ్యాక పాత వంశవృక్షాలు చాలా తారుమారయ్యాయి. తిమింగలం వెళ్ళి నీటిగుర్రం పక్కన కూర్చుంది, అవి రెండూ మన మేకలకి చుట్టాలని తేలింది. కస్తూరి మృగాన్ని ఒకప్పుడు జింకల్లో కలిపేవారు. దానికి పిత్తాశయం ఉంది, జింకలకి లేదు. డీఎన్‌ఏ కూడా అదే మాట చెప్పింది, దానికి వేరే కాపురం పెట్టించారు. ఇది చదివి ఆనందం పట్టలేక నాన్నకి ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "అయితే ఆ తిమింగలాన్ని కోస్తే కార్జం ఎవులి వంతు?" అని అడిగాడు. దానికీ చేదు తిత్తి ఉండదని చెప్పాను. "అయితే నాకొద్దు," అన్నాడు.

మేడమ్ మాత్రం ఒక హెచ్చరిక చేస్తుండేవారు. ఒక్క అవయవాన్ని పట్టుకుని ఏ జంతువు ఏ కుటుంబమో తేల్చెయ్యకు, గుర్రానికీ పిత్తాశయం లేదు, అంతమాత్రాన అది జింక అయిపోతుందా అని. ఆ మాట నాకు ఎంత పనికొస్తుందో అప్పుడు తెలియదు.

పరిశోధన చేస్తున్న ఆ రోజుల్లోనే ఒక ఏడాది ఇటుకల పండగనాటికి నేను ఊరికి చేరలేదు. మైనంలో పెట్టిన పిండాల్ని వదిలి రావడానికి లేక, పండగైన మూడోరోజు తెల్లవారుజామున బస్సెక్కి పాడేరులో దిగి, అక్కణ్ణుంచి జీపులో వెళ్ళాను. మలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది. ఆమె ఎప్పుడూ అంతదూరం ఎదురు రాదు.

"మీ నాన్నని ఫారెస్టోలు పట్టుకెల్లిపోనారే," అంది. "జింక మాంసం దాసినాడంట."

పండగ రోజుల్లో వేట జరుగుతుందేమోనని ఫారెస్టువాళ్ళు ఏటా కొండ ఊళ్ళు చుట్టివస్తారు. అది వాళ్ళ పని, తప్పు పట్టను. ముందురోజు సాయంత్రం మా ఊరికి వచ్చారు. ఏ ఇంట్లోనూ ఏమీ దొరకలేదు. వాళ్ళు మా గుమ్మంలోకి వచ్చేసరికి నాన్నకి పొయ్యి మీదున్న అడ్డాకు మూట గుర్తొచ్చింది. పరాయి కళ్ళు పడకూడదుగదా. అటక మీంచి మూట లాగి, చంకలో పెట్టుకుని, పెరటి తలుపులోంచి కాఫీ మొక్కల్లోకి పరిగెత్తాడు. యూనిఫామ్‌ని చూసి మూటతో పరిగెత్తేవాణ్ణి ఎవరు వదుల్తారు? పట్టుకున్నారు. ఆకు మడత విప్పితే పొగకి నల్లబడ్డ పక్కటెముకలు కనిపించాయి. తోలు ఏది అంటే ఇంట్లో లేదన్నాడు. తల ఏది అంటే లేదన్నాడు. ఇదేం మాంసమంటే మేకదన్నాడు. మేకదైతే ఎందుకు పరిగెత్తావంటే నోరు విప్పలేదు. ఆ వంతు గురించి పరాయివాళ్ళతో మాట్లాడ్డం కూడా తప్పే మరి. మూటలో ఉన్నది ఆ వంతేనని మాత్రం అమ్మ నాకు అప్పుడు చెప్పలేదు.

"ఎంతమంది సెప్పినా ఇనలేదే," అంది అమ్మ. "మజ్జాన్నం రెండింటికి కోర్టుకి తీసుకెల్తారంట. బేగి రా."

వచ్చిన జీపునే వెనక్కి తిప్పించాం. దారంతా నాన్నమీద కోపం, ఫారెస్టువాళ్ళమీద కోపం, పండగకి రాకుండా ల్యాబులో కూర్చున్న నామీద నాకు ఇంకా కోపం. ఒక్క జంతువుని కూడా దొంగతనంగా కోయని మనిషిని జైల్లో పెడతారేమోనని భయం.

ఫారెస్టు ఆఫీసులో నాన్న గోడవారగా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. రాత్రంతా నిద్రపోనట్టుంది. నన్ను చూసి తల దించుకున్నాడు. మా నాన్న తల దించుకోవడం నేను అదే మొదటిసారి చూశాను.

బల్ల వెనక ఆఫీసరు ఉన్నారు, మైదానం మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. పక్క కుర్చీలో పశువుల డాక్టరు. శాంపిల్ తియ్యడానికి ఆయన్ని పిలిపించారట. నేను వెళ్ళగానే చెయ్యకూడని పనే చేశాను, అరిచాను. మా నాన్న అబద్ధమాడడనీ, తల పూజారి ఇంట్లో ఉందనీ, తోలు డప్పులు కట్టే ఇంట్లో ఆరుతోందనీ, మనిషిని పంపించి చూసుకోండనీ.

ఆఫీసరు అంతా విన్నారు. "తోలు మేకదే అయ్యుండొచ్చమ్మా. ఆ తోలూ ఈ మాంసమూ ఒకే జంతువువని ఎలా చెప్తావు? శాంపిల్ ల్యాబుకి వెళ్తుంది. కొన్ని వారాలు పడుతుంది. మేక అని వస్తే నేనే వదిలిపెడతాను."

ఆయన అడిగింది సరైన ప్రశ్న. మా మేడమ్ ఉన్నా అదే అడిగేవారు. కొన్ని వారాలు అంత తేలిగ్గా అనేశారు గానీ, అన్ని వారాలు నాన్న ఎక్కడుంటాడు?

"మీరు చూసి చెప్పలేరా సార్?" అని డాక్టర్ని అడిగాను.

"పొగపెట్టి ఎండిపోయిందమ్మా. రెండు పక్కటెముకలు, వాటిమీద కండ. మేకో జింకో పక్కటెముక చూసి ప్రమాణం చెయ్యలేను."

రెండు పక్కటెముకలు. వాళ్ళు పట్టుకున్నది మామూలు మాంసం మూట కాదు, కోసినవాళ్ళ వంతు. నేను నాన్న పక్కకి వెళ్ళి కూర్చుని, వాళ్ళకి వినబడకుండా అడిగాను.

"నాన్నా, ఆ మూట కోసినోల వంతేనా? తిత్తితో ఉన్నాదా?"

ఆయన నావైపు చూడకుండా తలూపాడు.

"మరెందుకు సెప్పలేదు? అది సూపిత్తే అయిపోయిందిగదా!"

"సూపించకూడదు," అన్నాడు. "తొలకరి పడలేదు. నాను జైలికెల్తే కొన్నాల్లకి ఒత్తాను. అది సూపిత్తే ఊరికే కీడు. నువ్వు సదువుకున్నావని నీకిది ఏలాకోలంగా ఉన్నాది."

ఏళాకోళంగా లేదు. నిజానికి అప్పుడు నాకు ఆయన్ని చూస్తే కోపం పోయింది. ఊరికి కీడు జరక్కూడదని జైలుకి సిద్ధపడ్డ మనిషితో వాదించడం ఎలాగో నాకు తెలియలేదు. పుస్తకాల్లో ఉన్నదేదీ అక్కడ పనికిరాదు. ఆయన పద్ధతిలోనే చెప్పాలి.

"నాన్నా, ఆలు నిన్ననే ఇప్పి సూసినారుగదా. ఏటి సూసినారు?"

"ఎముకలు సూసినారు."

"కార్జం సూసినారా? తిత్తి సూసినారా?"

ఆలోచించాడు. "లేదు. లోపలి మడతలో ఉంటాది."

"మరి ఇప్పుడు సూపించీది నాను. నాను పరాయిదాన్నేటి? డాట్రుగారు మందిచ్చీవోడు, ఆ తిత్తీ మందే. మందు మందిచ్చీవోడి సేతిలోకి ఎల్తాది. ఆఫీసరుగారిని కావలిత్తే కిటికీ కాసి సూడమందాం."

మా నాన్న మొహంలో నవ్వు లాంటిది కదిలింది. చాలాసేపు బెంచీ మీద వేళ్ళతో గీతలు గీశాడు. గోడ గడియారం పన్నెండు దాటింది. చివరికి, "పొర తెగనీకు," అన్నాడు.

నేను బల్ల దగ్గరికి వెళ్ళి, ఈసారి అరవకుండా చెప్పాను. గోరువెచ్చటి నీళ్ళ గిన్నె అడిగాను, డాక్టరు గారి దగ్గరున్న గ్లవ్స్, కత్తెర, ఫోర్సెప్స్ అడిగాను. నేనేం చదువుతున్నానో చెప్పాక డాక్టరు కుర్చీ ముందుకి లాక్కున్నారు. సీలు ఆయనే తీశారు, ఆఫీసరు కాగితం మీద సమయం రాసుకున్నారు. నిజంగానే ఆయన్ని కాసేపు కిటికీవైపు చూడమందామనుకున్నాను, ధైర్యం చాల్లేదు.

ముక్కని నీళ్ళలో నాననిచ్చాను. మైనంలోంచి పిండాల్ని తీసినంత జాగ్రత్తగా మడత విప్పాను. పక్కటెముకల లోపలివైపు ఎండిన పొర, కాగితంలా. ఆ పొర తెగలేదు. దాన్ని పట్టుకుని కార్జం కొస. దాన్ని వెనక్కి తిప్పితే, కింద చిన్న గుంటలో, ముడతలుపడ్డ ఎండు రేగుపండులా, నల్లటి ఆకుపచ్చ రంగులో చేదు తిత్తి. డాక్టరు వంగి, తిత్తి నుంచి వెళ్ళే సన్నటి గొట్టం దాకా ఫోర్సెప్స్‌తో వెతికి చూశారు. ఆ తర్వాత నావైపు చూసి నవ్వేశారు.

"సార్," అన్నారు ఆఫీసరుతో, "ఇది జింక కాదు. ఈ కొండల్లో తిరిగే జింకలకి పిత్తాశయం ఉండదు. నాకు పరీక్షలో వచ్చిన ప్రశ్న ఇది. మూటలో వెతకాలని తోచలేదు."

ఆఫీసరు వెంటనే ఒప్పుకోలేదు. అందుకే ఆయనంటే నాకు గౌరవం. "ఒక్క తిత్తిని పట్టుకుని జంతువేదో చెప్పెయ్యొచ్చా?" అని అడిగారు.

"చెప్పలేం సార్," అన్నాను. "గుర్రానికీ ఉండదు, ఎలుకకీ ఉండదు. అందుకని తిత్తి లేనంత మాత్రాన జింకే అనకూడదు. కానీ తిత్తి ఉంటే మాత్రం జింక కాదు. ఇది మేకని నేను దీన్నిబట్టి చెప్పడం లేదు, అది మీ ల్యాబు చెప్తుంది. మా నాన్నమీద మీరు రాసింది జింక అని. అది కాదంటున్నాను."

"కార్జం మేకది పెట్టి, మాంసం జింకది పెట్టొచ్చుగా?"

అప్పటిదాకా తల దించుకున్న మా నాన్న లేచి నిలబడ్డాడు. "పెట్టడానికి అవుతాదేటి బాబూ? పొర సూడండి. ఎముక్కీ కార్జానికీ మద్దిని పొర ఉన్నాది. తెగిందా? ఒక్క కోత. నలపై ఏల్లనించి కోత్తన్నాను, నా సేతిలో ఒక్కపాలీ తెగలేదు!"

దొంగ మాంసం దాచావన్నప్పుడు నోరు విప్పని మనిషి, పొర అతికించావా అనేసరికి ఊరుకోలేకపోయాడు. డాక్టరు ఆ పొరని వెలుతురుకి ఎత్తి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశారు. "ఎక్కడా కోత లేదు సార్. ఒకే జంతువు. నేను రాసి సంతకం పెడతాను," అన్నారు. ఆ తర్వాత నాన్న వైపు తిరిగి, "నేను కోసినా ఇలా రాదు పెద్దాయనా," అన్నారు.

ఒంటిగంట దాటాక నాన్న ఆ గుమ్మం దిగాడు. చిన్న ముక్క శాంపిల్‌కి పోయింది, అది నియమం. మిగతాది ఆకులో చుట్టి ఆఫీసరే స్వయంగా నాన్న చేతిలో పెట్టారు. పెట్టేటప్పుడు ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు. నేను చెప్పలేదు, బెంచీ దగ్గర మా మాటలు విన్నట్టున్నారు. కొన్నాళ్ళకి ల్యాబు కాగితం వచ్చింది, మేక అని. ఆ కాగితం అమ్మ డబ్బాలో ఇప్పటికీ ఉంది, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తుంది.

ఆరోజు జీపు మా ఊరి మలుపు తిరిగేసరికి డప్పులు వినిపించాయి. ఎవరు కబురు చేశారో తెలియదు. పూజారి తలపుర్రెతో సహా వచ్చి నిలబడ్డాడు, అవసరమైతే ఆఫీసుకి బయల్దేరడానికట. డప్పులు కట్టే ఇంటివాళ్ళు పచ్చి తోలు భుజాన వేసుకుని ఉన్నారు. మేనమామల ఊరివాళ్ళు రెండు కొండలు దిగి ముందుకాళ్ళ ఎముకలు పట్టుకొచ్చారు. ఆ మేకపోతు సగం మళ్ళీ ఒకచోట చేరింది. నేను జీపులోంచి ఒక్క గెంతు గెంతాను. పీహెచ్‌డీ పట్టా తీసుకున్నరోజు కూడా నేనంత గర్వపడలేదు.

మరుసటి ఏడాది ఇటుకల పండగకి వారం ముందే వెళ్ళాను. నాన్న కోశాడు. నేను ఎప్పట్లాగే పక్కన గొంతుక్కూర్చున్నాను. ఒక్క కోతలో నాలుగూ బయటికి వచ్చాయి, పొర తెగలేదు. పూజారి ఒక్కో వంతూ పిలుస్తుంటే ఒక్కో ఇంటివాళ్ళు వచ్చి ఆకు అందుకుంటున్నారు. చివరికి ఆయన, "కోసినోల వంతు," అని పిలిచి, నాన్న పేరు చెప్పలేదు. నా పేరు చెప్పాడు.

నాకు అర్థం కాలేదు. నాన్న వైపు చూశాను. ఆయన కత్తి తుడుచుకుంటున్నాడు. ఊరివాళ్ళందరికీ ముందే తెలుసు, నాకు తప్ప. అమ్మయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నేను ఆకు అందుకోకుండా ఏడుస్తూ కూర్చున్నాను.

"అలాగ సూత్తావేటే?" అన్నాడు నాన్న, ఆకు నావైపు తోస్తూ. "బేగి తియ్యి. పరాయోలు సూడకుండా దాసుకో."